కుందేలుకి మందు పట్టడం

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

చంటిపిల్లకి మందు పట్టడం మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కాళ్లు బారజాపుకుని, పిల్లని కాళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె పెదవి దగ్గర పెట్టి, మింగనని మారాం చేస్తే ముక్కు కాస్త నొక్కి గుటుక్కుమనిపించేస్తాం. పసిపిల్లలకైనా ముక్కు నొక్కడం మంచిది కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం, అది ఇంకో రోజు మాట్లాడుకోవలసిన సంగతి. ఇహ పశువులకయితే మగవాళ్లు తల పైకెత్తి పట్టుకుని, వెదురుగొట్టంతో గొంతులోకి పోసేస్తారు. ఈ రెండు విద్యలూ తరతరాలుగా మన ఇళ్లల్లో ఉన్నవే. కుందేలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ పనికిరావు. పనికిరాకపోవడం ఒక్కటే అయితే ఫరవాలేదు, ప్రాణం మీదికి తెస్తాయి.

కుందేలుకి మందేమిటి, దానికో ప్రసంగమేమిటి అని నవ్వుకునేవారు ఉంటారని తెలుసు. కానీ ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో పిల్లలున్న ఇళ్లు చూడండి. కుక్క అయితే అరుస్తుందని ఇల్లుగలవాళ్లు ఒప్పుకోరు, పిల్లి అయితే పాలగిన్నె ఉండనివ్వదు. ఏ శబ్దమూ చెయ్యని తెల్లకుందేళ్లు రెండు అట్టపెట్టెలో ఇంటికి వచ్చేస్తాయి. తెచ్చినవాళ్లు పిల్లలు, సాకేవాళ్లం మనం. నేను చెప్పేది ఈ పెంపుడు కుందేళ్ల గురించే సుమండీ. పొలం గట్ల మీద, జీడితోటల్లో గెంతే అడవి చెవులపిల్లి వేరే జాతిది. దాన్ని పట్టి తెచ్చి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను.

మా వీధిలో ఒకావిడ ఒక సాయంత్రం వచ్చి, "వదినా, మా గుంటల సెవులపిల్లి తుమ్ముతున్నాది. మొన్న మా సిన్నోడికి జ్వరమొస్తే డాక్టరుగారు రాసిన తియ్యటి మందు సగం సీసా ఉండిపోయింది, అదే రెండు సుక్కలు పోసీనాను, బాగా నాకీసింది" అంది సంతోషంగా. సీసా తెప్పించి చూస్తే అమాక్సిసిలిన్. వెంటనే పశువుల ఆసుపత్రికి పరుగెట్టించాను. అప్పటికే మూడు పూటలు పట్టేసింది. మర్నాటికి విరోచనాలు పట్టుకున్నాయి, మూడో రోజుకి కుందేలు పోయింది. పిల్లలు అన్నం తినలేదు. ఆవిడ చేసినది ప్రేమతో చేసినదే. తియ్యగా ఉంది, పసివాడికి పనిచేసింది, ఇంత చిన్న ప్రాణికి రెండు చుక్కలు ఏం చేస్తాయి అనుకుంది. మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం.

మరి ఆ రెండు చుక్కలు ఏం చేశాయి? మన తరవాణి కుండ గుర్తు చేసుకోండి. ఆ కుండలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పనిచేస్తేనే గంజి పులిసి తరవాణి అవుతుంది. కుందేలు కడుపులో కూడా అలాంటి కుండ ఒకటి ఉంది. చిన్నపేగూ పెద్దపేగూ కలిసేచోట పెద్ద సంచీలాగ ఉంటుంది. అది తిన్న గడ్డీ గాదం అందులో పులిసి, అప్పుడు ఆహారమవుతుంది. రాత్రిపూట మెత్తని గుళికలుగా బయటికి వస్తే కుందేలు వాటిని మళ్లీ తినేస్తుంది. చూసి అసహ్యించుకోకండి, అది దానికి రెండో భోజనం. పెనిసిలిన్ జాతి మందులు నోటివెంట లోపలికి పోతే ఆ కుండలో మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి విషం పుట్టిస్తాయి. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ - ఈ పేర్లు కాగితం మీద రాసుకుని మందుల డబ్బా మూతకి అంటించుకున్నా తప్పులేదు. పెనిసిలిన్‌ని పశువైద్యులు కొన్ని జబ్బులకి ఇంజక్షనుగా ఇస్తారు, అది వేరు. నోట్లో పొయ్యడమే కూడదు.

దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 1940 మే 25న ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ అనే శాస్త్రజ్ఞుడు ఎనిమిది చిట్టెలుకలకి ప్రాణాంతకమైన సూక్ష్మజీవులు ఎక్కించి, నాలుగింటికి మాత్రం పెనిసిలిన్ ఇచ్చాడు. ఇచ్చిన నాలుగూ బతికాయి, ఇవ్వనివి నాలుగూ తెల్లారేసరికి చచ్చిపోయాయి. ప్రపంచమంతా ఆ మందు మీద ఆశ పెట్టుకుంది. తీరా 1943లో అమెరికాలో అదే మందు గినీపిగ్గులకిస్తే అవి చనిపోయాయి. వాటి కడుపులోనూ కుందేలుకి ఉన్నట్టే ఆ పులిసే కుండ ఉంది. ఫ్లోరీ ఆనాడు చిట్టెలుకల బదులు గినీపిగ్గులని తీసుకుని ఉంటే పెనిసిలిన్ ఏమై ఉండేదో చెప్పలేం. ఒకరికి అమృతం ఇంకొకరికి విషం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

కాబట్టి మందు ఎలా పట్టాలి అన్నదానికన్నా ముందు, ఎవరు చెప్పిన మందు అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో మిగిలిపోయిన మందు వద్దు. కుక్కకి గోమార్లకోసం మెడ మీద పోసే మందు అసలే వద్దు. అందులో ఫిప్రోనిల్ అనే మందు ఉంటే అది కుక్కకి క్షేమం, కుందేలుకి ప్రాణాపాయం. పశువుల ఆసుపత్రికి తీసుకెళితే "ఆవుల డాక్టరుకి కుందేలు సంగతి ఏం తెలుస్తుంది" అని కొందరు సంకోచిస్తారు. సంకోచం అక్కర్లేదు. పశువైద్యం చదివినవాళ్లు కుందేళ్ల గురించీ చదువుతారు. మన విజయనగరం జిల్లా గరివిడిలోనే తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. కదిలించలేని స్థితి అయితే 1962 నెంబరుకి ఫోను చేసి అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు కుందేలు బరువు చూసి రాసుకోండి. మందు మోతాదు బరువును బట్టి కడతారు. వంటింటి కాటా లేకపోతే పచారీ కొట్లో అడగండి, బుట్టతో సహా తూచి బుట్ట తూకం తీసేస్తే సరి. మామూలు పెంపుడు కుందేలు రెండు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. మన టీచెంచాడు అంటే 5 మిల్లీలీటర్లు. రెండు కిలోల ప్రాణికి డాక్టరు రాసేది ఒక్కోసారి అరమిల్లీలీటరు కూడా ఉండదు. 0.4 అని రాసినదాన్ని 4 అని చదివామంటే పదింతలు పోసేసినట్టే. అందుకని చీటీ తీసుకునేటప్పుడే 1 మిల్లీలీటరు సిరంజి ఒకటి కొనుక్కుని, ఎంతవరకూ లాగాలో కాంపౌండరు చేత గీత పెట్టించుకోండి. సూది తీసేసి అక్కడే పారేయించండి, ఇంటికి తేవద్దు.

ఇప్పుడు అసలు పేచీ. మందు చూడగానే కుందేలు మూల దూరుతుంది, మూతి తిప్పుకుంటుంది, పళ్లు బిగించేస్తుంది, పట్టుకుంటే తంతుంది. "ఎంత మొండిదో" అంటారు. మొండితనం కాదండీ. నక్కకీ గద్దకీ ఆహారమైన జాతి అది. దాన్ని ఎవరైనా వెనకనుంచి వచ్చి గట్టిగా పట్టుకున్నారంటే దాని లెక్క ప్రకారం ప్రాణం పోబోతోందని అర్థం. మనం మందు చేత్తో పట్టుకున్నాం అని దానికేం తెలుసు? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని సామెత. నిజంగా పట్టుకుని చూసినవాళ్లకి తెలుస్తుంది, ఉన్నవి నాలుగూను, అందులో వెనకవి రెండూ ఎంత బలమైనవో! ఆ బలమే దానికి శత్రువు. కాళ్ల కండలు చూస్తే అంత బలం, ఎముకలేమో పిల్లి ఎముకలకంటే కూడా పలచన. గాలిలో వేలాడుతూ ఒక్క తన్ను తన్నుకుందంటే నడుము దగ్గర వెన్నెముక విరిగిపోగలదు. ఆపైన వెనక కాళ్లు పడిపోతాయి, దానికి వైద్యం లేదనే చెప్పాలి. చెవులు పట్టుకుని ఎత్తడం బొమ్మల్లో చూసి నేర్చుకున్న దురలవాటు, పిల్లల్ని మొదటిరోజే మాన్పించండి.

అందుచేత కుందేలుకి మందు నేలమీద కూర్చునే పట్టాలి. కత్తిపీట ముందు కూర్చోవడం అలవాటైన మనకి ఇదేం కష్టం కాదు. బల్ల మీదా, ఒళ్లోనూ అయితే దూకి పడిపోతుంది. ఒక పాత తువ్వాలు పరిచి, కుందేలుని మధ్యలో మామూలుగా కూర్చున్న భంగిమలోనే పెట్టండి. తువ్వాలు ముందు అంచు ఛాతీ మీదుగా తెచ్చి, రెండు పక్కలా ఒకదానిమీద ఒకటి కప్పి, వెనక కాళ్లు పొట్టకింద ముడుచుకుని ఉండేటట్టు చుట్టండి. బయటికి తలా చెవులూ మాత్రమే కనబడాలి. బిగువు ఎంత అంటే, పురిటిబిడ్డని పొత్తిగుడ్డలో చుట్టినంత. అప్పుడు మీరు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మీ మోకాళ్ల మధ్య పెట్టుకోండి. దాని వీపు మీ వైపు ఉండాలి. వెనక్కి జరగబోతే మీరు అడ్డుంటారు, ఎదురుగా భయపెట్టే మొహం ఉండదు. వెల్లకిలా తిప్పారంటే కదలకుండా పడి ఉంటుంది, "చూశారా, నిద్రపోయింది" అంటారు. అది నిద్ర కాదు, భయంతో చచ్చినట్టు బిగుసుకుపోవడం. ఆ స్థితిలో మందు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముక్కు ఎందుకు ముయ్యకూడదో కూడా చెప్పాలి. మనం ముక్కు మూస్తే నోటితో పీల్చుకుంటాం. కుందేలు గాలి పీల్చుకునేది ముక్కుతోనే. నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ప్రమాదంలో ఉందన్నమాట. తల పైకెత్తి గొంతులో పొయ్యడమూ అందుకే కూడదు. తల ఎప్పుడూ తినేటప్పుడు ఉన్నట్టే ఉండాలి.

సిరంజి ఎక్కడ పెట్టాలి? ఎదురుగా పెడితే పళ్లే అడ్డు. కుందేలుకి ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది, మన బొటనవేలి గోరు వెడల్పున. భగవంతుడు మందు పట్టడానికే పెట్టాడా అనిపిస్తుంది. పెదవి పక్కనుంచి, ఆ ఖాళీలోంచి సిరంజి మొన లోపలికి పెట్టండి, గొంతువైపు కాకుండా ఎదుటి బుగ్గవైపుకి అడ్డంగా. ఒక్కసారే తొయ్యకండి. మిల్లీలీటరులో అయిదో వంతు పొయ్యండి, ఆగండి. దవడ ఆడుతుంది, నమిలినట్టు చేస్తుంది, మింగుతుంది. మింగాక ఇంకో అయిదో వంతు. ఇదంతా కలిపి ఒక నిమిషం పని. హడావిడి పడితే పది నిమిషాలు పడుతుంది, మందు తువ్వాలు తాగుతుంది.

మందు కారిపోయిందనుకోండి, ఎంత కారిందో తెలియదు కాబట్టి మళ్లీ మొత్తం మోతాదు పొయ్యకండి. తరవాతి పూటకి జాగ్రత్తపడితే చాలు, మరీ పట్టనే పట్టలేకపోతుంటే డాక్టరుకి చెప్పండి. వేరే రూపంలో మందు ఉండవచ్చు, ఇంజక్షను ఇవ్వవచ్చు. గడ్డం కింద తడి మాత్రం తుడిచెయ్యాలి, తడిబొచ్చు కింద చర్మం పాసిపోతుంది. మందు ముక్కులోంచి వచ్చినా, తుమ్మినా వెంటనే ఆపేసి, తువ్వాలు విప్పి తల కొంచెం కిందికి ఉండనివ్వండి. మర్నాడు ఎగశ్వాస పెడుతుంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి. ఇంకొకటి. ఎండాకాలంలో ఈ తువ్వాలు పని మధ్యాహ్నం పెట్టుకోకండి. కుందేలుకి చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలామటుకు చెవులలోంచే పోవాలి. మన కోస్తా ఉక్కలో మామూలుగానే అది అల్లాడుతుంది. పొద్దున్నే చల్లవేళా, దీపాలు పెట్టాకా మంచిది.

తువ్వాలు లేకుండా మందు లోపలికి పోయే మార్గం లేదా అంటే, ఉంది. కుందేలుకి తీపి అంటే ప్రాణం. మాత్రని పొడిచేసి, బాగా ముగ్గిన చక్రకేళి ముక్క బఠాణీగింజంత తీసుకుని అందులో మెదిపి, అరచేతిలో పెట్టి చూపించండి. చాలా కుందేళ్లు తినేస్తాయి. అయితే కొన్ని మాత్రలు పొడి చెయ్యకూడదు, అది ముందే అడిగి తెలుసుకోవాలి. గిన్నెడు ఆకుల్లో చల్లేస్తే సరిపోదా అని అడిగారొకరు. సగం తిని సగం వదిలేస్తే ఎంత మందు పోయిందో ఎవరికి తెలుసు? పైగా చేదు తగిలిన ఆకుని అది మళ్లీ ముట్టుకోకపోవచ్చు. తాగే నీళ్లలో కలపడం ఇంకా అన్యాయం. నీళ్ల రుచి మారితే తాగడం మానేస్తుంది, జబ్బుకి దాహం తోడవుతుంది. చిన్నపిల్ల కుందేళ్లకి వచ్చే కాక్సీడియా విరోచనాలకి గుంపులో అన్నింటికీ కలిపి నీళ్లలో మందు ఇమ్మని డాక్టర్లు ఒక్కోసారి చెబుతారు. అది వాళ్లు చెబితేనే.

ఆకలి వేస్తే తనే మింగుతుందని తిండి మాన్పించి కూర్చోబెట్టే పద్ధతి ఒకటి ఉంది, మొండికేసిన పిల్లల దగ్గర మనం అప్పుడప్పుడు వాడేదే. కుందేలు దగ్గర అది చెయ్యనే కూడదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, తిండి ఆగితే అవీ ఆగుతాయి. ఆగాయంటే లోపల గాలి నిండి, నొప్పి పుట్టి, నొప్పికి మరింత తినక, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మనుషులకి ఆపరేషను ముందు పస్తు ఉంచుతారు చూడండి, కుందేలుని అలా కూడా ఉంచరు. దానికి వాంతి చేసుకునే శక్తే లేదు.

ఈ కారణంచేతనే రోజూ పొద్దున్న కుందేలు గూడు తుడిచేటప్పుడు పెంటికలు చూడండి. ఎన్ని ఉన్నాయి, ఎంత లావున్నాయి, గుండ్రంగా ఉన్నాయా అని. నిన్నటికి సగమే ఉన్నా, మరీ చిన్నవయినా కడుపులో ఏదో తేడా వచ్చిందన్నమాట. పన్నెండు గంటలు తిండీ లేక పెంటికా లేకపోతే మర్నాటిదాకా ఆగవద్దు. మూల ముడుచుకుని కూర్చుని పళ్లు గట్టిగా నూరుతున్నా, చెవులు చల్లబడినా, పొట్ట డోలులాగ బిగిసినా అంతే. డాక్టరు చూసి పొట్ట బిగువు లేదని చెప్పాక, కుందేళ్ల దాణా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తగా మెదిపి, వడగట్టి, కొంచెం పెద్ద సిరంజితో ఇందాక చెప్పిన పద్ధతిలోనే కొద్దికొద్దిగా పట్టవచ్చు. పక్కనే పచ్చగరిక, కొత్తిమీర, ముల్లంగి ఆకు పెట్టి ఉంచండి. తనంతట తాను ఒక్క గరికపోచ కొరికిందంటే మీకే సగం బెంగ తీరుతుంది. కుందేలు అసలు మందునే కాదు, ఇష్టమైన ఆకుని కూడా వద్దంటోందంటే ఒక్కోసారి పళ్ల బాధ కావచ్చు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందుపళ్లు వారానికి రెండు మిల్లీమీటర్ల వరకూ. గడ్డి నమిలి అరగదీసుకోకపోతే బుగ్గలో గుచ్చుకుంటాయి. అప్పుడు సిరంజి తగిలితే తన్నదూ మరి?

జబ్బు లేనప్పుడే సిరంజి అలవాటు చెయ్యడం అన్నిటికంటే మంచి ఉపాయం. వారానికి ఒకసారి అరటిపండు మెదిపిన నీళ్లు సిరంజిలో తీసి, పట్టుకోకుండా, ఊరికే పెదవి దగ్గర పెట్టి నాకనివ్వండి. నెల తిరిగేసరికి సిరంజి చూసి ఎదురు వస్తుంది. ఈ పని పిల్లలకి అప్పగించండి, వాళ్లకి మనకంటే ఓపిక. మా ఇంట్లో పదేళ్ల పిల్లాడు రెండు వారాల్లో మా కుందేళ్లకి ఇది నేర్పేశాడు. స్కూలు పాఠం అయితే రెండు నెలలు పట్టేది.

పైకి రాసే మందుల సంగతి కూడా ఒక మాట. మన ప్రాంతంలో పెంపుడు కుందేళ్లకి తరుచుగా వచ్చేది గజ్జి. ముక్కుమీద, చెవుల అంచుల్లో, కాలివేళ్ల దగ్గర తెల్లటి పొక్కులు కడుతుంది. కొందరు కిరసనాయిలు రాస్తారు, కొందరు కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తారు. కుందేలు రోజంతా పిల్లిలాగ ఒళ్లు నాక్కుంటుంది, కాబట్టి మీరు పైన రాసిందంతా లోపలికే పోతుంది. కర్పూరం, కిరసనాయిలు రెండూ విషాలే. చెవిలో కట్టిన పెచ్చుల్ని హెయిర్‌పిన్నుతో పెకలించేవాళ్లని చూశాను, అది ఎంత బాధో చెప్పలేం. మందు పడితే పెచ్చులు వాటంతట అవే రాలిపోతాయి. గజ్జికి పశువైద్యులు మామూలుగా ఐవర్‌మెక్టిన్ చర్మం కిందికి ఇంజక్షనుగా ఇస్తారు, రెండు వారాలకి అటూ ఇటూగా మళ్లీ రమ్మంటారు. మొదటి ఇంజక్షనుతోనే బొచ్చు మొలుస్తుంది గదా అని రెండోసారి చాలామంది వెళ్లరు. పురుగులు చచ్చినా వాటి గుడ్లు మిగిలి, మళ్లీ పొదుగుతాయి. డాక్టరు చెప్పిన తేదీ క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసి పెట్టుకోండి. ఈలోగా గూట్లో పాత గోనె తగలబెట్టి కొత్తది వెయ్యండి, పిల్లలు కుందేలుని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. కుందేలు గజ్జి మనుషులకీ అంటుకుని కొన్నాళ్లు దురద పెడుతుంది. రెండు కుందేళ్లుంటే, రెండోదానికి పొక్కులు కనబడకపోయినా దాన్ని కూడా అదే బుట్టలో పెట్టి తీసుకువెళ్లండి.